ఘాటు అనుకున్నాను

గుంటూరులో దగ్గుని ఎవరు లెక్కపెడతారు?
చుట్టుగుంట దాటి యార్డు గాలి తగలగానే
బస్సులో కండక్టరు దగ్గుతాడు, వెనకసీటు పెళ్ళికొడుకు దగ్గుతాడు,
తేజ బస్తాల మీద పడుకున్న కుక్క కూడా
రెండుసార్లు దగ్గి, అటు తిరిగి పడుకుంటుంది.

పాతికేళ్ళుగా తొడిమలు తీస్తున్నాను.
మూడు వారాల నుంచి గొంతులో ఏదో గీరుతుంటే
ఘాటు అనుకున్నాను.
రాత్రి రెండింటికి లేచి, గోడ పట్టుకుని,
కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా దగ్గి,
చెంబెడు నీళ్ళు తాగి
ఘాటు అనుకున్నాను.
"ఈ యేడు కాయ కారం బాగా ఎక్కిందే" అన్నాడు మా ఆయన
గోడ వైపు తిరిగి, తనూ దగ్గుతూ.

రవళి పురిటికొచ్చి ఉంది.
పిల్లకింకా పేరు కుదర్లేదు.
మిరపగింజ అంటాను నేను.

సాయంత్రం పని దిగి వస్తే గుమ్మంలోనే ఆగేదాన్ని.
చీర మార్చి, చేతులకి ముందు శనగపిండి, తర్వాత సబ్బు,
ఆ తర్వాత కొబ్బరినూనె, మళ్ళీ సబ్బు.
గోళ్ళ సందుల్లో కారం
పిల్ల కంట్లో పడుతుందేమోనని.
వేలు నాలుకకి ఆనించి చూసుకుని
చురుక్కుమనకపోతేనే ఎత్తుకునేదాన్ని.

ఎత్తుకుని, బుగ్గకి బుగ్గ ఆనించి,
"ఎవరే నువ్వు, ఎవరింటి దానివే" అని
నోట్లో నోరు పెట్టి మాట్లాడేదాన్ని.
మధ్యలో దగ్గొస్తే మొహం పక్కకి తిప్పేదాన్ని.
ఒక్కోసారి తిప్పేదాన్ని కాదు.

చేతులైతే కడిగాను.
ఊపిరి కడగటం ఎవరు నేర్పారు?

మొదట ముక్కు కారింది.
తర్వాత పాలు తాగుతూ పొలమారింది.
ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టాం.
రోజుకి పదిసార్లు తలుచుకునేవాళ్ళెవరు?
పక్కింటి మస్తానమ్మ దిష్టి అంది.
ఏడు ఎండుమిరపకాయలు, గుప్పెడు ఉప్పు తిప్పి పొయ్యిలో వేస్తే
ఘాటే రాలేదు. రాకపోతే దిష్టి ఉన్నట్టేనట.
మిరపకాయల మీద బతికే ఇంట్లో
ఘాటు వచ్చిందో లేదో ఏ ముక్కు చెబుతుంది?

నలభయ్యో రోజు, సోమవారం, తెల్లవారకముందు
పిల్ల దగ్గలేదు.
నోరు తెరిచింది, అంతే.
లోపలికి పోవాల్సిన గాలి
గుమ్మంలోనే నిలబడిపోయింది.
రంగు చూసి కాయ ఏరే కళ్ళు నావి,
ఎరుపులో ఎన్ని ఎరుపులో తెలుసు, తాలు తెలుపు తెలుసు,
ఆ పెదాల మీది నీలం
ఏ బస్తాలోనూ చూళ్ళేదు.

గోపయ్య ఆటో తీశాడు.
రవళి అరికాళ్ళు గిల్లుతూనే ఉంది.
మూడు వంతెనల దగ్గర పిల్ల ఏడ్చింది.
అంత అందమైన ఏడుపు
నేను కన్న ముగ్గురిలో ఎవరూ ఏడవలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ, మా రవళి కంటే చిన్నది,
"ఇంట్లో ఎవరికైనా దగ్గుందా?" అంది.
మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం.
గుంటూరు వాళ్ళని అడిగే ప్రశ్నేనా అది?
"మూడు వారాలు దాటి?" అంది మళ్ళీ.
నా చెయ్యి దానంతటదే లేచింది,
బళ్ళో పలక పగలగొట్టిన పిల్లలా.

కోరింత దగ్గట.
మా అమ్మతోనే పోయిందనుకున్న మాట.
పెద్దాళ్ళలో ఉత్త దగ్గులా దాక్కుంటుందట,
పసివాళ్ళకి ఊపిరి తీయడమే మరిపిస్తుందట.
టీకా కార్డులో మొదటి సూదికి రాసిన తేదీ
ఎల్లుండి బుధవారం.

ఇంటిల్లిపాదికీ మాత్రలిచ్చారు.
రవళి నన్నొక్క మాట అనలేదు.
అంటే బాగుండు.

పదకొండో రోజు, అద్దాల తలుపు తీసి,
"ఎత్తుకుంటావా అమ్మమ్మా, ఇక పర్లేదు" అంది నర్సు.
మాస్కు సరిచేసుకున్నాను. చేతులు కడుక్కున్నాను.
అలవాటుగా, నాలుకకి ఆనించి చూద్దామని
పైకెత్తిన వేలు
మాస్కు గుడ్డకి తగిలి
అక్కడే ఆగిపోయింది.